ఆయాసపడే బిడ్డ గుండెను కూడా వినండి: విశాఖ వైద్యాధికారులకు బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి, ఈ ఊళ్లో పసిపిల్లలను చూసే డాక్టర్లకు, ఛాతీ డాక్టర్లకు,

నమస్కారం.

నేను డాక్టర్ని కాను. ఒక ఛాతీ డాక్టరు గారి క్లినిక్‌లో పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) మెషిన్ నడుపుతాను. ముక్కుకి క్లిప్పు తగిలించి, నోట్లో గొట్టం పెట్టించి, "గట్టిగా పీల్చండి, ఇప్పుడు ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి, ఆపొద్దు" అని రోజంతా అరవడమే నా ఉద్యోగం. ఊపిరితిత్తుల్లో గాలి ఎంత పడుతోంది, ఎంత వేగంగా బయటికొస్తోంది అన్నది ఆ మెషిన్ గీత గీసి చూపిస్తుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొగతాగేవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు, దుమ్ములో పనిచేసి రిటైరైనవాళ్లు. ఈ లేఖ వాళ్ల గురించి కాదు. గుండె ఆపరేషన్ అయి రొమ్ము మధ్యలో నిలువుగా కుట్ల మచ్చ ఉన్న కుర్రాళ్ల గురించి, ఆ మచ్చ పడాల్సిన వయసులో పడక ఆలస్యమైపోయిన పిల్లల గురించి.

అడగాలనుకున్నవి ముందే చెప్పేస్తాను. టీకాల రోజున ప్రతి పసిబిడ్డ ఊపిరినీ నిమిషం పాటు లెక్కపెట్టించండి. ఏడాదిలోపు బిడ్డకి రెండోసారి నెమ్ము చేసిందంటే గుండె స్కానింగ్ చేయించకుండా వదలకండి. గుండె ఆపరేషన్ అయిన పిల్లలకి ఊపిరి పరీక్ష కూడా ఫాలోఅప్‌లో చేర్చండి. ఇవి ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే మిగతా ఉత్తరం.

విశాఖలో ఆయాసం అనగానే అందరి వేలూ పోర్టు వైపే తిరుగుతుంది. జ్ఞానాపురంలోనో వన్‌టౌన్‌లోనో మేడ మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగుకి తిరుగుతుందో చూసినవాళ్లు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో గ్యాస్ లీకయ్యాక ఈ ఊళ్లో దగ్గు వినబడితే భయపడే ఇళ్లు ఇంకా పెరిగాయి. దేశంలో గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మన ఊరు కూడా ఉంది. కాబట్టి బిడ్డకి ఆయాసం వస్తే "గాలి పడలేదు", "దుమ్ము పడలేదు", "ఏసీ పడలేదు" అని సిద్ధంగా సమాధానాలున్నాయి. నెబులైజర్ పెడతారు, యాంటీబయాటిక్ రాస్తారు, నాలుగు రోజులకి కాస్త తగ్గుతుంది, ఇంటికి పంపేస్తారు. నెల తిరక్కుండా మళ్లీ అదే వార్డు.

ఈ వరసలో కొందరు బిడ్డలకి జబ్బు ఊపిరితిత్తుల్లో మొదలవ్వదు. గుండెలో మొదలై ఊపిరితిత్తుల్లో బయటపడుతుంది.

పుట్టే ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో ఎనిమిది, తొమ్మిది మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుందని వైద్యశాస్త్రం ఒప్పుకున్న లెక్క. వాటిలో ఎక్కువగా కనబడేది కింది గదుల మధ్య గోడలో రంధ్రం, డాక్టర్లు వీఎస్‌డీ అంటారు. గుండె ఎడమవైపు ఒత్తిడి ఎక్కువ, కుడివైపు తక్కువ, దాదాపు నాలుగో వంతో ఐదో వంతో. గోడకి పెద్ద చిల్లు ఉంటే ఒంటికి పోవాల్సిన మంచి రక్తంలో కొంత కుడివైపుకి మళ్లి తిరిగి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అప్పటికే శుభ్రపడిన రక్తం మళ్లీ మళ్లీ అక్కడే తిరుగుతుంది. ఊపిరితిత్తులకి మామూలుగా వచ్చేదానికి రెండింతలు, మూడింతలు రక్తం వచ్చిపడుతుంది. తడిసిన బొంతని ఎత్తాలంటే పొడి బొంతకంటే ఎంత బలం కావాలో, అలా బరువెక్కిన ఊపిరితిత్తిని ప్రతి శ్వాసకీ విప్పడానికి ఆ పసివాడు అంత కష్టపడాలి. ఒక్కో శ్వాసలో తక్కువ గాలి పడుతుంది కాబట్టి ఎక్కువసార్లు పీలుస్తాడు. చిన్న గాలిగొట్టాల చుట్టూ నీరు చేరి పిల్లికూతలు వినిపిస్తాయి. అది విని ఉబ్బసం అనుకుంటారు. ఉబ్బిన గుండె, లావెక్కిన రక్తనాళం కలిసి ఎడమవైపు గాలిగొట్టాన్ని నొక్కేస్తే ఆ భాగంలో గాలి ఆడక, కఫం బయటికి రాక, ఇన్‌ఫెక్షన్ అక్కడే తిష్ట వేస్తుంది. ప్రతిసారీ ఎడమవైపే, అదే చోటే నెమ్ము చేస్తోందంటే ఆ కారణం కూడా చూడాలి కదా.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. నాకు కూడా ఈ ఉద్యోగంలో చేరాక మా సార్ చెబితేనే తెలిసింది. ఈ బిడ్డలు పుట్టినరోజున బాగానే ఉంటారు. తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ ఊపిరితిత్తులకి పని లేదు, వాటి రక్తనాళాలు బిగుసుకునే ఉంటాయి. పుట్టాక ఆ బిగువు ఒక్కరోజులో పోదు, కొన్ని వారాల పాటు మెల్లగా సడలుతుంది. బిగువుగా ఉన్నంతకాలం రక్తం అటు పెద్దగా పోలేదు. సడలేకొద్దీ చిల్లు గుండా పోయే రక్తం పెరుగుతుంది. అందుకే ప్రసవం అయిన ఆసుపత్రిలో డాక్టరు గారు చెవిగొట్టం పెట్టి విన్నా చప్పుడు వినిపించకపోవచ్చు, "బేబీ నార్మల్" అని రాయొచ్చు, ఆయన రాసింది ఆ రోజుకి నిజమే. నెల, నెలన్నర నిండేసరికి అసలు కథ మొదలవుతుంది.

అప్పుడు తల్లి ఏం చూస్తుంది? బిడ్డ చన్ను పట్టుకుంటాడు, నాలుగు గుక్కలు తాగి వదిలేసి రొప్పుతాడు, మళ్లీ పట్టుకుంటాడు. నుదురంతా చెమట. ఫ్యాను కింద కూడా తల తడిసిపోతుంది. మొదటి మూడు నెలల్లో మామూలు బిడ్డ రోజుకి 25–30 గ్రాములు పెరుగుతాడు, వీడు పెరగడు. నిద్రలో కూడా పొట్ట గబగబా ఆడుతూనే ఉంటుంది. ఇంట్లో మామ్మ మాత్రం తేల్చి చెబుతుంది: "డొక్కలెగరేస్తన్నాడు, నెమ్ము సేసింది, ఆస్పత్రికి తీస్కెళ్లండి." డొక్కలు ఎగరేయడం వరకూ ఆవిడ చూసింది నూటికి నూరు పాళ్లు నిజం. జ్వరం లేకుండా, దగ్గు లేకుండా కూడా ఎందుకు ఎగరేస్తున్నాడన్నది ఆవిడ చెప్పాల్సిన మాట కాదు, మనం అడగాల్సిన ప్రశ్న.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తారు. నెమ్ము ఉందా, తెల్ల మచ్చ ఉందా అని చూస్తారు. ఆ ఫిల్మ్ మీద ఊపిరితిత్తుల మధ్యలో గుండె కూడా ఉంటుంది. పసిపిల్లల్లో థైమస్ గ్రంథి వల్ల గుండె నీడ కాస్త పెద్దగా కనిపించవచ్చు, ఒక్క ఎక్స్‌రేతో తేల్చేయలేమన్నది నిజమే. కానీ గుండె సైజు గురించి ఒక్క ముక్క రాయని రిపోర్టులు నేను చాలా చూశాను. మా దగ్గరికి వచ్చేవాళ్లు పాత ఫైళ్లన్నీ సంచిలో తెచ్చుకుంటారు, డాక్టరు గారు పిలిచేలోపు నేనే తిరగేస్తుంటాను. పదిహేనేళ్ల కిందటి ఫిల్మ్‌ని కిటికీకి అడ్డం పెట్టి చూస్తే గుండె ఛాతీలో సగానికి పైగా ఆక్రమించి ఉంటుంది, పక్కన రిపోర్టులో "బ్రాంకోనిమోనియా" అన్న ఒక్క మాట. ఎవరి ఫైలు, ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. అది ఒక్క చోట జరిగే పొరపాటు కాదు.

ఇంతకంటే ప్రమాదమైన దశ మరొకటుంది. చాలా ఇళ్లలో అదే సంతోషంగా గడిచిపోతుంది. అధిక రక్తం, అధిక ఒత్తిడి నెలల తరబడి, ఏళ్ల తరబడి మోసీ మోసీ ఊపిరితిత్తుల్లోని సన్న రక్తనాళాలు గోడలు మందం చేసుకుంటాయి. దారి ఇరుకై ఊపిరితిత్తుల్లోకి పోయే అదనపు రక్తం తగ్గుతుంది. దాంతో బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తాడు. నెమ్ము రావడం తగ్గుతుంది, ఒళ్లు చేస్తాడు, చెమటలు ఆగుతాయి. మొక్కు తీరిందని సింహాచలం వెళ్లొస్తారు, ఫలానా మందు పనిచేసిందంటారు. నిజానికి అప్పుడే పరుగున ఎకో, అంటే గుండె స్కానింగ్, చేయించాలి. ఆ గోడల మందం కొంతకాలం వరకూ వెనక్కి తగ్గుతుంది, గీత దాటాక తగ్గదు. ఆ తర్వాత కుడివైపు ఒత్తిడి ఎడమవైపుని మించిపోయి, చెడు రక్తమే చిల్లు గుండా ఒంట్లోకి వస్తుంది. పెదాలు, గోళ్లు నీలమవుతాయి, వేళ్ల చివర్లు ఉబ్బుతాయి. 1897లో విక్టర్ ఐసెన్‌మెంగర్ అనే ఆస్ట్రియా డాక్టరు వర్ణించిన ఈ స్థితిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అక్కడిదాకా వెళ్లాక చిల్లు మూయడం మేలు చేయకపోగా ప్రాణం తీస్తుంది. ఎందుకంటే అప్పటికి కుడివైపు గుండెకి ఆ చిల్లే ఊపిరాడే దారి. ఏడాదిలోపు ఒక్క ఆపరేషన్‌తో పోయే జబ్బు జీవితాంతం మందులతో నెట్టుకొచ్చే జబ్బుగా మారుతుంది. అమ్మాయైతే గర్భం దాల్చడమే ప్రాణాపాయం. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, వాళ్లలో ఈ మార్పు ఇంకా త్వరగా, ఒక్కోసారి మొదటి ఏడాది తిరక్కుండానే వచ్చేస్తుంది. కాబట్టి ఆ పిల్లలకి లక్షణాలు కనిపించేదాకా ఆగక్కర్లేదు, పుట్టగానే ఎకో చేయించాలి.

తల్లిదండ్రులు కూడా ఈ లేఖ చదువుతారు కాబట్టి ఒక మాట. గుండెలో రంధ్రం అనగానే కూలబడిపోకండి. చిన్న చిల్లులు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి, ఊపిరితిత్తులకి ఏ హానీ చేయవు. పై గదుల మధ్య ఉండే రంధ్రం, ఏఎస్‌డీ అనేది, చాలా ఏళ్లు కదలకుండా మెదలకుండా ఉంటుంది. దాన్నీ, పుట్టాక మూసుకోవాల్సిన నాళం తెరుచుకునే ఉండిపోయే పీడీఏనీ చాలాసార్లు ఛాతీ కోయకుండా తొడ దగ్గర నుంచి తీగ పంపి మూసేస్తున్నారు. టెన్షన్ పడాల్సింది చిల్లు ఉందని కాదు, అది ఏ సైజుదో ఎవరూ చూడలేదని.

నీలిరంగు పిల్లల సంగతి దీనికి తలకిందులు. ఫాలోస్ టెట్రాలజీ అనే లోపంలో ఊపిరితిత్తులకి పోయే దారే ఇరుకు. అక్కడికి రక్తం సరిపడా చేరదు. ఆడుతూ ఆడుతూ ఆ పిల్లలు గొంతుక్కూర్చుంటారు, ఎవరూ నేర్పకుండానే. అలా కూర్చుంటే కాళ్లలోకి పోయే రక్తానికి అడ్డుపడి, ఊపిరితిత్తుల వైపు కాస్త ఎక్కువ మళ్లుతుంది. పసిబిడ్డ ఏడుస్తూ ఏడుస్తూ నల్లబడిపోతే మోకాళ్లు మడిచి రొమ్ముకి ఆనించి ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తమని చెప్పేది కూడా ఇందుకే. ఈ పిల్లలకి మొట్టమొదటి ఆపరేషన్ 1944 నవంబర్ 29న అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో జరిగింది. సర్జన్ బ్లేలాక్ చేసిన ఆ ఆపరేషన్ వెనుక డాక్టర్ హెలెన్ టాసిగ్ ఆలోచన, వివియన్ థామస్ అనే ల్యాబ్ టెక్నీషియన్ చేతిపని ఉన్నాయి. ఆ రోజు వాళ్లు గుండెని ముట్టుకోనేలేదు. చేతికి పోయే ధమనిని ఊపిరితిత్తి ధమనికి కలిపారు, అంతే. నీలిరంగు పిల్లల గుండె వైద్యం ఊపిరితిత్తికి రక్తం అందించడంతోనే మొదలైందన్నమాట. నాలాంటి టెక్నీషియన్ ఒకాయన పేరు ఆ చరిత్రలో ఉండటం నాకు కాస్త గర్వంగా కూడా ఉంటుంది, దాచుకోను.

ఇక నా మెషిన్ దగ్గరికి వస్తాను.

ఇరవై ఏళ్లలోపు కుర్రాడు, జేబులో ఇన్‌హేలర్, పక్కన వాళ్ల నాన్న. "చిన్నప్పటి నుంచీ ఆస్తమా మేడమ్, ఎన్ని మార్చినా తగ్గట్లేదు" అంటాడు. ఊదిస్తే గీత ఆస్తమా గీతలా రాదు. ఆస్తమాలో గాలి ఉంటుంది కానీ బయటికి రావడానికి టైం పడుతుంది. వీడికి గాలి గబుక్కున వచ్చేసింది, ఉన్నదే తక్కువ. మొత్తం ఊదిన గాలి, మేము ఎఫ్‌వీసీ అంటాం, వాడి వయసుకీ ఎత్తుకీ రావాల్సిన దానిలో 60 శాతం దగ్గర ఆగిపోయింది. "ఆపరేషనేమైనా అయిందా బాబూ?" అంటే అప్పుడు చొక్కా గుండీ విప్పుతాడు. ఆరేళ్ల వయసులో గుండెకి చిల్లు మూశారు. "అది ఎప్పుడో తగ్గిపోయింది కదా మేడమ్" అని నాన్న అంటాడు. ఇలాంటివాళ్లు ఒకరు కాదు, వస్తూనే ఉంటారు.

గుండె బాగైంది, మరి ఊపిరితిత్తి ఎందుకు చిన్నగా ఉండిపోయింది? కారణం ఒక్కటే కాదు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో 30 కోట్లకి పైగా గాలి గదులు ఉంటాయి. పుట్టేనాటికి వాటిలో చిన్న వంతే తయారై ఉంటుంది. మిగతావి పుట్టాక, అందులోనూ ముఖ్యంగా మొదటి రెండు మూడేళ్లలో వస్తాయి. సరిగ్గా ఆ రెండు మూడేళ్లూ ఈ పిల్లాడి ఊపిరితిత్తులు రక్తపు బరువుతోనో, లేదా నీలి పిల్లాడైతే రక్తం చాలకో, మాటిమాటికీ నెమ్ముతోనో గడిపాయి. ఆపరేషన్ ఆలస్యమైతే పోయేది కాలం మాత్రమే కాదు, ఆ కాలంలో పెరగాల్సిన ఊపిరితిత్తి కూడా. దాని మీద ఆపరేషన్ కోసం రొమ్ము ఎముక కోస్తారు, కొందరికి పక్కటెముకల మధ్య నుంచి వెళ్తారు. పెరిగే వయసులో ఛాతీ గోడ అక్కడ బిగుసుకుపోతుంది. కొందరికి వెన్నెముక పక్కకి వంగుతుంది. (ఇక్కడ మా టెక్నీషియన్లకి చిన్న గమనిక: వెన్ను వంగిన పిల్లాడికి ఎత్తు కొలిచి మెషిన్‌లో వేస్తే లెక్క తప్పుతుంది, ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. చేతులు చాపించి బార కొలవండి.) ఆపరేషన్ సమయంలో, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం డయాఫ్రమ్‌కి వెళ్లే నరం దెబ్బతింటే ఆ వైపు డయాఫ్రమ్ కదలడం మానేస్తుంది. పిల్లల్లో ఊపిరి పీల్చే పనిలో పెద్ద వాటా దానిదే.

వీటన్నిటికీ తోడు మనం స్వయంగా చేసేదొకటుంది. "గుండె ఆపరేషన్ అయిన పిల్లాడు, పరిగెత్తనివ్వకండి." ఈ మాట అమ్మమ్మ అంటుంది, క్లాస్ టీచర్ అంటుంది, డ్రిల్లు మాస్టారు చెట్టు కింద కూర్చోబెడతాడు. పదేళ్లు అలా కూర్చున్న పిల్లాడికి ఊపిరి కండరాలు ఎక్కడి నుంచి వస్తాయి? నిజంగా ఆపాల్సిన పిల్లలు ఉన్నారు, కాదనను. ఎవరు పరిగెత్తొచ్చో, ఎవరు నడవాలో, ఎవరు ఆగాలో పరీక్ష చేసి కాగితం మీద రాసివ్వాల్సింది డాక్టర్లు. ఆ కాగితం లేదు కాబట్టి భయమే రూలు అయి కూర్చుంది. ఆషాఢం వచ్చిందంటే మా క్లినిక్‌లో ప్రతి ఏడూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది: గిరి ప్రదక్షిణ చేయొచ్చా? అది 32 కిలోమీటర్లు. సమాధానం మనిషిని బట్టి మారుతుంది. ఆ మనిషి ఊపిరి ఎంత, నడిస్తే ఆక్సిజన్ పడిపోతోందా అన్నది కొలవకుండా చేయొచ్చని అన్నా, వద్దని అన్నా అది ఊహే.

2013లో లండన్ డాక్టర్లు ప్రచురించిన అధ్యయనం ఒకటి మా సార్ తరచూ చెబుతుంటారు. పుట్టు గుండె జబ్బుతో పెరిగి పెద్దయిన వెయ్యి మందికి పైగా ఊపిరి పరీక్ష చేస్తే దాదాపు సగం మందికి ఎఫ్‌వీసీ మామూలు కంటే తక్కువ వచ్చింది. బాగా తగ్గినవాళ్లలో మరణాలు కూడా ఎక్కువ. అంటే ఈ అంకె ఊరికే ఫైల్లో పెట్టుకునేది కాదు. ఒకే పంపింగ్ గది ఉన్న పిల్లలకి చేసే ఫాంటాన్ ఆపరేషన్ సంగతి చూడండి. ఆ తర్వాత ఊపిరితిత్తులకి రక్తం తోసే పంపు అనేదే ఉండదు. ఒంట్లోంచి వచ్చే రక్తం నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పీల్చే ప్రతి శ్వాసా దాన్ని లోపలికి లాగడానికి సాయపడుతుంది. అలాంటి మనిషికి ఊపిరి కండరం బలహీనపడిందంటే రక్తప్రసరణే బలహీనపడినట్టు. అయినా ఆపరేషన్ అయిన పిల్లల ఫాలోఅప్ ఫైల్లో ఎకో రిపోర్టులు దొంతరగా ఉంటాయి, ఊపిరి పరీక్ష ఒక్కటి కూడా ఉండదు. ఎకో తీసిన గది వేరు, ఊదించే గది వేరు, రెండు గదుల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు లేవు.

డీఎంహెచ్‌వో గారూ, కొత్త భవనాలు, కొత్త మెషిన్లు అడగడం లేదు. ఉన్న వ్యవస్థలోనే చోటుంది. ఆశా కార్యకర్త పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్తుంది. ఆ ఆఖరి 42వ రోజు సరిగ్గా ఊపిరితిత్తుల నాళాలు సడలే సమయం. ఆ అమ్మాయి సంచిలో గడియారం, తూకం ఉన్నాయి. ఆరో వారంలోనే మొదటి పెంటావాలెంట్ టీకా. తర్వాత పదో వారం, పద్నాలుగో వారం. బుధ, శనివారాల్లో టీకాలకి వచ్చే తల్లులు ఎలాగూ వరసలో కూర్చునే ఉంటారు. సూది వేశాక ఏడుస్తాడు కాబట్టి వేయకముందే, బిడ్డ నిద్రపోతున్నప్పుడో స్థిమితంగా ఉన్నప్పుడో, చొక్కా పైకెత్తి పొట్ట చూస్తూ పూర్తి అరవై సెకన్లు లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే పసిపిల్లల్లో తప్పు వస్తుంది. రెండు నెలల్లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50 లేదా అంతకు మించి ఉంటే అది వేగమే. ఇది నేను కొత్తగా చెబుతున్నది కాదు, న్యుమోనియా పట్టుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్కే. నేను కోరేది దానికి ఒక కొసరు: జ్వరం లేదు, దగ్గు లేదు, ఊపిరి మాత్రం వేగం, లేదా పాలు తాగుతుంటే నుదుట చెమట, లేదా బరువు పెరగడం లేదు, అప్పుడు యాంటీబయాటిక్ చేతిలో పెట్టి పంపకుండా గుండె స్కానింగ్‌కి రాయాలి. తల్లీబిడ్డల కార్డు మీద బరువు పక్కన ఆ అంకె రాయడానికి ఒక గడి చాలు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచీ ఉంది కదా అంటారు. ఉంది, వాళ్ల జాబితాలో పుట్టు గుండె జబ్బు కూడా ఉంది, దాని వల్ల బయటపడ్డ పిల్లలను నేను చూశాను. కానీ ఆ బృందం అంగన్‌వాడీకి వచ్చేది ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి. రెండో నెలలో రొప్పడం మొదలుపెట్టిన బిడ్డకి ఆరు నెలల తర్వాత వచ్చే బండి ఆలస్యమే. పాడేరు, అరకు వైపు కొండ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి మరీ ఆలస్యం. వాళ్లు పక్క జిల్లా అయినా చివరికి దిగేది విశాఖలోనే.

పుట్టిన 24 గంటలు దాటాక కుడిచేతికీ ఒక కాలికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూసే పరీక్ష ప్రతి ప్రసవ కేంద్రంలోనూ చేయించాలి. ఆక్సిజన్ 95 శాతం కంటే తగ్గినా, చేతికీ కాలికీ మధ్య 3కి మించి తేడా ఉన్నా మళ్లీ చూడాలి, 90 కంటే తగ్గితే వెంటనే పంపాలి. కరోనా తర్వాత ఆ మెషిన్ తెలియని ఇల్లు లేదు (పసిబిడ్డల వేలికి పెద్దవాళ్ల క్లిప్పు పనికిరాదు, చిన్న ప్రోబ్ కావాలి). అయితే అది పట్టుకునేది నీలిరంగు జబ్బులను. వీఎస్‌డీ ఉన్న బిడ్డకి అందులో 98 రావచ్చు. "ఆక్సిజన్ నార్మల్, గుండె నార్మల్" అని రాసేస్తే మళ్లీ మొదటికి వచ్చినట్టే. అందుకే రెండూ కావాలి, పుట్టినప్పుడు ఆక్సీమీటర్, ఆరో వారంలో ఊపిరి లెక్క. కేరళ ప్రభుత్వం 2017లో హృద్యం పేరుతో ఒక ఏర్పాటు మొదలుపెట్టింది. బిడ్డకి గుండె జబ్బు అనుమానం రాగానే ఆన్‌లైన్‌లో నమోదు చేస్తారు, ఎంత తొందరో నిర్ణయించి ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతారు. మన జిల్లా స్థాయిలో అంత పెద్దది అక్కర్లేదు. రెండోసారి న్యుమోనియాతో చేరిన ఏడాదిలోపు పిల్లల పట్టిక ఒకటి ఉండి, ఎకో అయిందా లేదా అని ఎవరో ఒకరు ఫోన్ చేసి అడిగితే సగం పని అయిపోతుంది.

ఆపరేషన్‌కి డబ్బు గురించి జనానికి ఇప్పుడు అంత బెంగ లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారినా అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు, పిల్లల గుండె ఆపరేషన్లు దాని కింద జరుగుతూనే ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ వారు 2021లో చిన్నపిల్లల గుండె ఆసుపత్రి కూడా తెరిచారు. తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కి బిడ్డని చూపించుకుని వచ్చినవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. అడ్డం పడుతున్నది డబ్బు కంటే ముందు దశ, జబ్బు అనుమానించడం. దాని తర్వాత దశ, ఇంటికొచ్చాక ఊపిరిని చూసుకోవడం. ఆపరేషన్ అయిన బిడ్డకి ఆరేళ్లు వచ్చాక ఊదించవచ్చు, అంతకంటే చిన్నవాళ్లు సరిగ్గా ఊదలేరు. అప్పటి నుంచి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పీఎఫ్‌టీ, ఆరు నిమిషాల నడక పరీక్ష, ఫిజియోథెరపిస్టు దగ్గర ఊపిరి వ్యాయామం, బడికి ఇవ్వడానికి "ఇతను ఫలానా ఆటలు ఆడవచ్చు" అన్న కాగితం. ఇవి ఫాలోఅప్ ప్యాకేజీలో చేర్చమని పైకి ప్రతిపాదన పంపండి. టీకాల్లో న్యుమోకోకల్ టీకా ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలో ఉచితంగానే వేస్తున్నారు. గుండె జబ్బున్న పిల్లల విషయంలో అది తప్పిపోకుండా ప్రత్యేకంగా చూడాలి. ఏటా వేసే ఫ్లూ టీకా మాత్రం కొనుక్కోవాలి. కనీసం ఈ పిల్లలకైనా జిల్లా నుంచి ఇచ్చే వీలుంటే పరిశీలించండి.

ఛాతీ డాక్టర్లకి ఒక్క మనవి. మందుకి లొంగని ఆస్తమా అని పంపే ప్రతి కుర్రాడి చీటీ మీద "పాత గుండె ఆపరేషన్: ఉంది / లేదు" అని రాసి పంపండి. గీత చదవడం మాకు సులువవుతుంది, వాడికి అక్కర్లేని ఇన్‌హేలర్ ఖర్చు తప్పవచ్చు.

మా సార్‌తో మాట్లాడాను. ఆదివారం ఉదయం మా క్లినిక్ మెషిన్ ఖాళీగానే ఉంటుంది. గుండె ఆపరేషన్ అయిన, ఆరేళ్లు దాటిన పిల్లలను జిల్లా బాలల సత్వర చికిత్సా కేంద్రం నుంచి చీటీ రాసి పంపితే ఫీజు లేకుండా పరీక్ష చేస్తాం, రిపోర్టు వాళ్ల గుండె డాక్టరుకీ ఒక కాపీ ఇస్తాం. ఆశా కార్యకర్తల నెలవారీ సమావేశంలో ఓ అరగంట ఇప్పిస్తే పసిబిడ్డ ఊపిరి ఎలా లెక్కపెట్టాలో వీడియోలతో చూపించడానికి నేను వస్తాను. ఏ పీహెచ్‌సీ అయినా సరే, తేదీ చెప్పించండి.

ఇట్లు,
ఒక పీఎఫ్‌టీ టెక్నీషియన్,
విశాఖపట్నం